నాన్నకి, కోర్ట్‌మాక్‌షెరీ ఊరి గురించి

కార్క్, ఐర్లాండ్
మే నెల, ఆదివారం రాత్రి

నాన్నా,

కంటి ఆపరేషన్ బాగా జరిగిందనీ, పేపర్లో చిన్న అక్షరాలు కూడా చదివేస్తున్నావనీ అమ్మ చెప్పింది. ఎంత ఊరటగా ఉందో. అందుకే ఈసారి ఫోన్లో కాకుండా కాగితం మీద రాస్తున్నాను. వాట్సాప్‌లో ఫొటోలు పంపితే నువ్వు చూసి "బాగుందమ్మా" అని ఊరుకుంటావు. ఈ సంగతి అలా తేలిపోకూడదు. కాస్త ఓపిగ్గా చదువు.

పోయిన వారం మేం ముగ్గురం కోర్ట్‌మాక్‌షెరీ అనే ఊరికి వెళ్ళాం. మా కార్క్ నుంచి కారులో గంట ప్రయాణం. బ్యాండన్ దాటాక రోడ్డు బాగా సన్నబడుతుంది. రెండు పక్కలా మనిషెత్తు కంచె మొక్కలు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి తీయాల్సిందే. అలా వెళ్ళగా వెళ్ళగా తిమోలీగ్ దగ్గర నీళ్ళు కనబడతాయి. అర్గిడీన్ అని ఒక చిన్న నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. మేం వెళ్ళేసరికి పాటు సమయం. నీళ్ళు తగ్గి బురద మేటలు బయటపడి ఉన్నాయి, వాటి మీద పొడుగు ముక్కు పిట్టలు వేలల్లో గుచ్చి గుచ్చి తింటున్నాయి. ఒడ్డునే 13వ శతాబ్దపు మఠం ఒకటి, పైకప్పు పోయి గోడలు మిగిలాయి. అక్కడి నుంచి ఊరిదాకా 1891లో ఒక చిన్న రైలు నడిపారట, రోడ్డు పక్కనే, నీళ్ళంచున. ఇప్పుడు పట్టాలు లేవు, ఆ దారిలో జనం నడుస్తారు, సైకిళ్ళు తొక్కుతారు.

ఊరంటే ఒకటే వీధి. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క వరసగా పసుపు, లేత నీలం, గులాబి రంగుల ఇళ్ళు. వాటి వెనకే అడవి. మే నెల కదా, చెట్ల కింద నేలంతా నీలం పూలు, అడవి వెల్లుల్లి. చిన్నోడు ఒక ఆకు తుంచి వాసన చూసి "అమ్మమ్మ వంటిల్లు!" అన్నాడు. ఆ అడవి దారిలో చివరిదాకా నడిస్తే వుడ్ పాయింట్ అనే కొన వస్తుంది. అక్కడ నిలబడితే అఖాతానికి అవతల, తూర్పున, సముద్రంలోకి చాచుకున్న కొండ ఒకటి కనిపిస్తుంది. దాని చివర తెల్ల పట్టీలున్న నల్లటి లైట్‌హౌస్. అదే ఓల్డ్ హెడ్ ఆఫ్ కిన్సేల్. నేను చెప్పాలనుకున్నది అక్కడి నుంచి మొదలవుతుంది.

లూసిటానియా ఓడ పేరు నువ్వు విని ఉంటావు, మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో ఒక వాక్యంగానైనా. న్యూయార్క్ నుంచి లివర్‌పూల్‌కి వస్తున్న ప్రయాణికుల ఓడ. 1915 మే 7, శుక్రవారం. పొద్దున కమ్మిన పొగమంచు విడిపోయింది, ఎండ కాస్తోంది, సముద్రం నున్నగా ఉంది. మధ్యాహ్నం రెండూ పది ప్రాంతంలో జర్మన్ సబ్‌మెరైన్ యు-20 ఒక్క టార్పెడో వదిలింది. అది తగిలిన వెంటనే ఓడ లోపల రెండో పేలుడు జరిగింది. ఆ రెండోది ఎందుకు జరిగిందన్న వాదన ఇప్పటికీ ఆగలేదు, ఎందుకంటే సరుకులో తుపాకీ తూటాలు కూడా ఉన్నాయి. నన్ను పట్టి కుదిపింది మాత్రం ఆ వాదన కాదు. అంత పెద్ద ఓడ 18 నిమిషాల్లో మునిగిపోయింది, నాన్నా. మన ఊళ్ళో బస్సు కోసం అంతకంటే ఎక్కువసేపు నిలబడతాం. ఓడ ఒక పక్కకి ఒరిగిపోవడంతో 48 లైఫ్‌బోట్లలో సరిగ్గా నీళ్ళలోకి దిగినవి ఆరే. 1,198 మంది పోయారు. తీరం కనుచూపు మేరలోనే ఉంది. పాపం, చాలామంది చన్నీళ్ళలో బిగుసుకుపోయి పోయారు.

ఇక ఈ ఊరివాళ్ళ సంగతి చెబుతాను.

కోర్ట్‌మాక్‌షెరీలో లైఫ్‌బోట్ స్టేషన్ 1825 నుంచి ఉంది, ఐర్లాండ్‌లోని తొలి స్టేషన్లలో ఒకటి. సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉంటే ఊరివాళ్ళే పడవేసుకుని వెళ్ళి కాపాడతారు. 1915లో బోటు షెడ్డు ఊళ్ళో కాదు, సముద్రం వైపు బ్యారీస్ పాయింట్ దగ్గర ఉండేది. పడవ పేరు కెజియా గ్విల్ట్. ఇంజిను లేదు, తెరచాపా తెడ్లూ అంతే. ఆ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో దాన్ని నీళ్ళలోకి దించారు. సరంగు టిమ్ కియోహేన్. స్టేషన్ కార్యదర్శి ఫోర్డ్ అని చర్చి గురువు, ఆయన కూడా ఎక్కాడు.

ఒడ్డున ఉన్నవాళ్ళకి ఆ రోజు ఎండ, నిశ్చలంగా ఉన్న నీళ్ళు హాయిగా అనిపించి ఉంటాయి. తెరచాప పడవకి అంతకంటే శాపం లేదు. గాలి లేదు. తెరచాప ఎత్తినా ఉపయోగం లేదు. దాంతో తెడ్లే పట్టుకున్నారు. దాదాపు పన్నెండు మైళ్ళు. లైఫ్‌బోట్ అంటే మన చేపల పడవలా తేలిగ్గా ఉండదు, పెద్ద కెరటాన్ని తట్టుకోవాలని బరువుగా కడతారు. దాన్ని చేతుల బలంతో మూడు గంటలకు పైగా లాక్కెళ్ళారు. దారి పొడుగునా వాళ్ళ వీపులే అటు, ముఖాలు ఇటు. తెడ్డు వేసేవాడికి ఎటు వెళ్తున్నాడో కనబడదు కదా, వదిలి వచ్చిన ఒడ్డే కనబడుతుంది. ఆ మూడు గంటలూ వాళ్ళు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుని ఉంటారా అని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

వాళ్ళు చేరేసరికి ఓడ లేదు. ప్రాణంతో ఉన్నవాళ్ళని అప్పటికే మిగతా పడవలు ఎక్కించుకున్నాయి. అందరికంటే ముందు చేరింది ఐల్ ఆఫ్ మ్యాన్ నుంచి చేపలకి వచ్చిన వాండరర్ అనే చిన్న తెరచాప పడవ. అందులో ఏడుగురే ఉన్నారు, దాదాపు 160 మందిని కాపాడారు. కెజియా గ్విల్ట్‌కి మిగిలింది శవాలే. కొందరికి లైఫ్‌బెల్టులు ఉన్నాయి, కొందరు చెక్క ముక్కలు పట్టుకుని అలాగే పోయి ఉన్నారు. చీకటి పడేదాకా వాళ్ళని ఒక్కొక్కరినీ నీళ్ళలోంచి తీసి దగ్గర్లోని ఓడలకి అందించారు. ఆ తర్వాత ఫోర్డ్ గారు పంపిన నివేదికలో, గాలి గానీ మోటారు గానీ ఉండి ఉంటే మేమే ముందు చేరేవాళ్ళం అని రాశాడు. కొందరినైనా బతికించే వేళకి చేరలేకపోయినందుకు చాలా బాధపడుతున్నానని రాశాడు.

ఆ సరంగు కియోహేన్ కొడుకు పాట్రిక్, కెప్టెన్ స్కాట్‌తో అంటార్కిటికా వెళ్ళినవాడు. దక్షిణ ధ్రువం దారిలో కొంతదూరం వెళ్ళి తిరిగొచ్చిన జట్టులో ఉన్నాడు. తర్వాత 1912 నవంబరులో ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ డేరాని, అందులో శవాలని కనుక్కున్న జట్టులోనూ ఉన్నాడు. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మూడేళ్ళ తేడాలో అదే పని వచ్చిపడింది. ఒకరికి మంచులో, ఒకరికి నీళ్ళలో. ఇది చదివాక నాకు చాలాసేపు మాట రాలేదు.

ఊళ్ళో రేవు దగ్గర ఇప్పటి లైఫ్‌బోట్ కట్టేసి ఉంటుంది. నారింజ, నీలం రంగులు. పేరు వాల్ ఆడ్నమ్స్, 2023లో వచ్చింది. దీనికి ప్రొపెల్లర్ కూడా లేదు, నీళ్ళని జెట్‌లా వెనక్కి చిమ్మి పరిగెడుతుంది, గంటకి 25 సముద్రపు మైళ్ళు. మీ అల్లుడు నిలబడి లెక్కవేశాడు. కెజియా గ్విల్ట్ మూడు గంటలు వెళ్ళిన దూరం దీనికి అరగంట. ఈ ఊరికి మోటారు బోటు వచ్చింది 1929లో. అంటే ఫోర్డ్ గారు మోటారు ఉండి ఉంటే అని రాసిన పధ్నాలుగేళ్ళకి.

అక్కడ స్టేషన్ చూపించడానికి ఒక పెద్దావిడ ఉంది, వలంటీరు. సిబ్బందిలో ఎక్కువమంది ఊళ్ళో వేరే పనులు చేసుకునేవాళ్ళేనట, చేపలవాళ్ళు, వడ్రంగులు, టీచర్లు. పేజర్ మోగితే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తుతారు. 1979లో ఫాస్ట్‌నెట్ పడవల పందెం తుపానులో చిక్కుకున్నప్పుడు ఇక్కడి బోటు కూడా వెళ్ళింది. ఈ లైఫ్‌బోట్లని నడిపే సంస్థ పేరు ఆర్‌ఎన్‌ఎల్‌ఐ, 1824లో పెట్టారు, బ్రిటన్‌కీ ఐర్లాండ్‌కీ కలిపి ఒకటే. రెండు దేశాల మధ్య ఎన్ని జరిగినా దీన్ని విడదీసుకోలేదు. ముఖ్యంగా విరాళాల మీదే నడుస్తుంది. షాపుల్లో కౌంటర్ మీద పడవ ఆకారంలో ఒక డబ్బా ఉంటుంది, అందులో జనం చిల్లర వేస్తారు. చిన్నోడు తన ఐస్‌క్రీమ్ డబ్బుల్లోంచి రెండు యూరోలు వేశాడు. నువ్వు మెచ్చుకుంటావని రాస్తున్నాను.

కానీ వాడు అంతకుముందు ఒక ప్రశ్న అడిగాడు. లూసిటానియా కథంతా విని ఆ పెద్దావిడతో, "అందరూ చనిపోయాక వెళ్ళారుగా, మరి ఏం లాభం?" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనయింది, ఆవిడ బాధపడుతుందేమోనని. ఆవిడ ఏమీ అనుకోలేదు. వాడి ఎత్తుకి వంగి, "వెళ్ళేదాకా తెలియదు కదా, బాబూ. ఇంకోటి, చనిపోయినవాళ్ళకి కూడా ఇళ్ళున్నాయి" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక ఆ లెక్కలు వెతికాను. పోయిన 1,198 మందిలో దొరికిన శవాలు 289. మిగతా తొమ్మిది వందల మంది ఇంటివాళ్ళకి ఏమీ దొరకలేదు. దొరికినవాళ్ళని ఎక్కువగా ఇక్కడికి దగ్గర్లోని కోవ్ రేవుకి తెచ్చారు, అప్పట్లో దాని పేరు క్వీన్స్‌టౌన్. ఒక్కో శవానికి నంబరు ఇచ్చి, ఫొటో తీసి, జేబులో ఏముందో, వేలికి ఏ ఉంగరం ఉందో రాసిపెట్టారు, ఎక్కడి నుంచో ఒక తల్లో భర్తో వచ్చి గుర్తుపడతారని. అయినా 65 మంది ఎవరో తెలియలేదు. కోవ్ ఊరి బయట శ్మశానంలో మూడు పెద్ద గోతుల్లో ఎంతోమందిని కలిపి పూడ్చారు. మేం కిందటేడు అక్కడికి వెళ్ళాం, చుట్టూ పచ్చగడ్డి, మధ్యలో రాళ్ళు. ఊరి నడిబొడ్డున స్మారకంలో దేవత పక్కన ఇద్దరు చేపలవాళ్ళ విగ్రహాలు పెట్టారు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు.

మధ్యాహ్నం భోజనం చేసి ఓల్డ్ హెడ్‌కి వెళ్ళాం. కొండ చివరి భాగం ఇప్పుడు గోల్ఫ్ క్లబ్బు చేతిలో ఉంది, లైట్‌హౌస్ దాకా మామూలుగా వెళ్ళనివ్వరు. నాకది నచ్చలేదు, అలాంటి చోటు అందరిదీ కావాలి. కొండ మొదట్లో మాత్రం నెపోలియన్ దండెత్తి వస్తాడన్న భయంతో కట్టిన పాత కాపలా బురుజు ఉంది, దాన్ని బాగుచేసి లూసిటానియా మ్యూజియం చేశారు. ఓడ పక్కన లైఫ్‌బోటును దించే ఇనుప చేయి ఒకటి సముద్రం అడుగు నుంచి తీసుకొచ్చి పెట్టారు. ఓడ ఇప్పటికీ దాదాపు 90 మీటర్ల లోతులో పక్కకి పడి ఉంది. ఎన్నో ఏళ్ళు దానికి యజమానిగా ఉన్న అమెరికా ఆయన, గ్రెగ్ బెమిస్, 2019లో దాన్ని ఈ మ్యూజియానికే ఇచ్చేశాడు. బయట తోటలో లోహంతో పొడవైన అల ఒకటి చేసి, దాని మీద ఓడలో ఉన్నవాళ్ళ పేర్లు చెక్కారు. చిన్నోడు తన వయసు పిల్లల పేర్లు ఏవో అని అడిగాడు. మీ అల్లుడు వాణ్ణి ఎత్తుకుని అటు తీసుకెళ్ళాడు.

నేను పేర్లు చదువుతూ నీ గురించే ఆలోచించాను, నాన్నా.

1977 నవంబరు 19. ఉప్పెన వచ్చిన ఆ శనివారం గురించి నువ్వు మాకు ఎప్పుడూ చెప్పలేదు. నాయనమ్మ చెప్పింది. నువ్వప్పుడు ఇంటర్ చదువుతున్నావనీ, నీళ్ళు తీశాక మీ కుర్రాళ్ళు కొందరు సొర్లగొంది వైపు నడిచి వెళ్ళారనీ, దారిలో మనుషులూ గొడ్లూ కలిసి పడి ఉన్నారనీ. మీరు వెళ్ళింది బతికున్నవాళ్ళ కోసమనీ, చేసింది మాత్రం శవాలు మోయడమనీ. నువ్వు తిరిగొచ్చాక చాలా ఏళ్ళు మన ఇంట్లో చేపల కూర వండలేదట. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఒకసారి అడిగాను, గుర్తుందా? "ఎవర్నీ బతికించలేకపోయాం, ఏం చెప్పమంటావమ్మా" అని లేచి పొలం వెళ్ళిపోయావు. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. కోర్ట్‌మాక్‌షెరీ లైఫ్‌బోట్ ఈ రెండు వందల ఏళ్ళలో ఎంతోమందిని బతికించింది. అయినా ఆ ఊళ్ళో వాళ్ళు కొత్తవాళ్ళకి ముందుగా చెప్పే రోజు ఒక్కరినీ బతికించలేకపోయిన రోజు. సిగ్గుపడుతూ చెప్పరు. తెడ్లు వేసినవాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు తలెత్తుకుని చెబుతారు. నీతో వచ్చినవాళ్ళ పేర్లు నువ్వు తప్ప ఇప్పుడు ఎవరు చెబుతారు? మీరు ఎత్తి తెచ్చినవాళ్ళలో కొందరినైనా వాళ్ళ వాళ్ళు చివరిసారి చూసుకుని ఉంటారు కదా. ఎవరో ఒక తమ్ముడు చీర చూసి అక్కని గుర్తుపట్టిన సంగతి ఒకటి నాయనమ్మ చెప్పబోయి ఆపేసింది. అది నీ ద్వారానే తెలిసిందట. మీరు వెళ్ళకపోతే అతనికి ఆ మాత్రం కూడా దక్కేది కాదు.

నిన్ను కష్టపెట్టాలని కాదు. నిద్ర పట్టదనుకుంటే వద్దు. కానీ చెప్పకపోవడానికి కారణం బతికించలేకపోయామన్నదే అయితే, అది కారణం కాదని నాకు ఈ ఊరు చూశాక గట్టిగా అనిపిస్తోంది.

ఇక్కడికి పడమరగా, సముద్రం ఒడ్డునే, అహకిస్టా అని ఇంకో పల్లె ఉంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి ఐర్లాండ్ తీరానికి దూరంగా సముద్రంలో పడిపోయింది కదా. 329 మంది, ఎక్కువమంది మన దేశం నుంచి కెనడా వెళ్ళి స్థిరపడిన కుటుంబాలవాళ్ళు. 131 మంది మృతదేహాలే దొరికాయి. వాటిని మా కార్క్‌లోని పెద్దాసుపత్రికి తెచ్చారు. వాళ్ళ వాళ్ళు కెనడా నుంచి, ఇండియా నుంచి వస్తే ఈ ఊరి జనం కన్నవాళ్ళలా దగ్గరుండి చూసుకున్నారట. మా వార్డులో రిటైర్ కాబోతున్న సిస్టర్ ఒకామె చెప్పింది, ఆ వారం ఆసుపత్రిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదని. అహకిస్టాలో స్మారకం కట్టి, ఏటా జూన్ 23న అక్కడ కలుస్తారు. ఈసారి నేను సెలవు పెట్టాను, ముగ్గురం వెళ్తాం. పువ్వులు తీసుకెళ్దామని అనుకుంటున్నాను. అమ్మని అడిగి చెప్పు, ఇక్కడ బంతిపూలు దొరకవు, తెల్ల చామంతులు పెట్టొచ్చా?

జూలై మొదటి వారంలో సుజాత పిన్ని కొడుకు ఇండియా వస్తున్నాడు. వాడి చేత ఒక గీతల నోట్‌బుక్కు, రెండు పెన్నులు పంపిస్తున్నాను, మామూలు కాగితం అయితే సిరా పాకుతుందని మంచిది చూశాను. రాయాలనిపిస్తే అందులో రాయి. వరస అక్కర్లేదు, పేర్లతో మొదలుపెట్టు చాలు. రాయడం కష్టమైతే సంక్రాంతికి మేం వచ్చినప్పుడు చెప్పు, నేను రాసుకుంటాను. చిన్నోణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుందాం. వాడికి తొమ్మిదేళ్ళు వస్తున్నాయి, వినగలడు.

ఇది అమ్మకి చదివి వినిపించు.

నీ కూతురు